సర్వే పుస్తకం ఎవరి దగ్గర ఉండాలి?

ప్రశ్న: అక్కా, మాది నగరంలో కాలువ గట్టు మీది బస్తీ. మూడు నెలల కింద ఖాళీ చేయమని నోటీసులు అంటించారు. ఆ రోజు నుంచి ఇల్లిల్లూ తిరిగి లెక్క రాసింది మేం ఆడవాళ్లమే, పదకొండు మందిమి. 212 ఇళ్లు. ఎవరు ఎన్నాళ్ల నుంచి ఉంటున్నారు, ఏం కాగితాలున్నాయి, అన్నీ ఒక పెద్ద పుస్తకంలో రాశాను. ఇప్పుడు వేరే చోట ఇళ్లిస్తామని ఆఫీసు వాళ్లు మాట్లాడుతున్నారు. ఆ మాటలకు వెళ్లేది బస్తీ కమిటీ, అందరూ మగవాళ్లే. ధర్నాకైతే మమ్మల్ని పిలిచి ముందు వరసలో కూర్చోబెడతారు. ఆఫీసు లోపలికి మాత్రం తీసుకెళ్లరు. పోయిన వారం ప్రెసిడెంటన్న వచ్చి, "పుస్తకం ఇవ్వమ్మా, కుటుంబ పెద్దల పేర్లతో జాబితా టైపు చేయించాలి" అన్నాడు. మా దగ్గర 31 ఇళ్లలో మగదిక్కు లేదు. భర్త పోయినవాళ్లు కొందరు, భర్త వదిలేసినవాళ్లు కొందరు, కిరాయికి ఉంటున్నవాళ్లు కొందరు. వాళ్ల సంగతేంటని అడిగితే, "ముందు ఇళ్లు రానివ్వు, ఆడవాళ్ల సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు. మా సంఘంలో పెద్దమ్మ కూడా అదే మాట అంటోంది, ఇప్పుడు గొడవపడితే అందరికీ పోతాయని. మా ఆయన మూడు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. పుస్తకం ఇచ్చేయాలా? లేక మేం వేరే సంఘం పెట్టుకోవాలా? ఆదివారం మీటింగ్ ఉంది.

జవాబు: చెల్లీ,

ఆదివారం దగ్గర పడింది కాబట్టి డొంకతిరుగుడు లేకుండా అడిగినదానికే ముందు చెబుతాను. పుస్తకం ఇవ్వకు. కాపీ ఇవ్వు, అదీ కమిటీ ఒక తీర్మానం రాసి సంతకాలు పెట్టాకే. ఇక వేరు కుంపటి మాట. కమిటీతో తెంచుకోవద్దు, అలాగని దాని కింద మహిళా విభాగంగానూ ఉండొద్దు. మీ పదకొండు మందీ మీ సంఘంగా, మీ పేరుతో, మీ పుస్తకంతో కమిటీ పక్కన కూర్చోండి.

"ముందు ఇళ్లు, తర్వాత ఆడవాళ్ల సంగతి" అనే మాట నేను ఏళ్ల తరబడి వింటున్నాను. అనేవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. మీ ప్రెసిడెంటన్న కూడా బస్తీ కోసమే కాళ్లరిగేలా తిరుగుతున్నాడు. కానీ ఇల్లు ఎలా వస్తుందో ఒకసారి చూడు. ముందు జాబితా. జాబితాలో ఉన్న పేరుకు కేటాయింపు ఉత్తర్వు. ఉత్తర్వులో ఉన్న పేరుకు పట్టా. పట్టాలో ఉన్న పేరు మీదే కరెంటు మీటరు, బ్యాంకు అప్పు, రేపెప్పుడో అమ్మకం, ఆ తర్వాత వారసత్వం. మొదటి కాగితం మీద ఏ పేరు పడితే చివరిదాకా అదే నడుస్తుంది. ఇవాళ నీ పుస్తకంలో పేరు మార్చడానికి ఒక గీత కొట్టి పక్కన రాస్తే చాలు. పట్టా వచ్చాక మార్చాలంటే ఆ పేరున్న మనిషి ఒప్పుకోవాలి, లేదంటే కోర్టు మెట్లెక్కాలి. ప్రెసిడెంటన్న చెప్పిన "తర్వాత" ఈ దారిలో ఎక్కడ వస్తుందో నాకైతే కనపడలేదు.

ఇది నేను పుస్తకాల్లో చదివి చెబుతున్నది కాదు. చాలా ఏళ్ల కింద ఒక బస్తీలో మేమూ ఇలాగే రాత్రిళ్లు కూర్చుని జాబితా రాశాం. ఆఫీసు ఇచ్చిన ఫారంలో "కుటుంబ పెద్ద" అని ఒకటే గడి ఉంది. ఆ గడిని మేం ప్రశ్నించలేదు, నింపుకుంటూ పోయాం. ఇళ్లు వచ్చాయి, సంబరపడ్డాం. రెండేళ్లు తిరక్కుండా ఒకామె ఇద్దరు పిల్లలతో నా గుమ్మంలో నిలబడింది. భర్త ఇంకొకామెను తెచ్చుకుని తనను బయటికి పంపాడు. ఇల్లు ఆయన పేరున ఉంది. ఆ ఇంటి కోసం నాతో పాటు ఆఫీసుల చుట్టూ తిరిగింది ఆమె, ఆయన కాదు. "ఆ రోజు పేర్లు రాసింది నువ్వే కదక్కా, నా పేరెందుకు రాయలేదు?" అని అడిగింది. నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. నీ ఉత్తరం చదవగానే గుర్తొచ్చింది ఆమె ముఖమే.

పేరుదేముంది, ఇద్దరూ ఉండేది ఒకే ఇంట్లో కదా అనేవాళ్లకు ఒక లెక్క చెప్పు. కేరళలోని తిరువనంతపురం జిల్లాలో సుమారు 500 మంది వివాహిత స్త్రీలను అడిగి, బీనా అగర్వాల్, ప్రదీప్ పాండా చేసిన అధ్యయనం 2005లో వచ్చింది. పేరున భూమిగానీ ఇల్లుగానీ ఏదీ లేని స్త్రీలలో 49 శాతం మంది భర్త చేతిలో దెబ్బలు తిన్నవాళ్లే. ఇల్లు మాత్రమే ఉన్నవాళ్లలో అది 10 శాతం. ఇల్లూ భూమీ రెండూ ఉన్నవాళ్లలో 7 శాతం. పోవడానికి తనదైన గూడు ఉన్న మనిషి మీద చెయ్యెత్తే ముందు ఎవరైనా ఆలోచిస్తారు. ప్రభుత్వాలకూ ఇది తెలియని సంగతి కాదు. భారతదేశంలో 2015లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకంలో, పేద కుటుంబాలకు వచ్చే ఇల్లు ఇంట్లోని స్త్రీ పేరునగానీ, భార్యాభర్తల ఉమ్మడి పేరునగానీ ఉండాలని నియమం పెట్టారు. కాబట్టి ఆఫీసులో ఈ మాట ఎత్తడానికి జంకొద్దు. మీకు ఇస్తామంటున్న ఇళ్లు ఏ పథకం కిందివో, అందులో పేరు గురించి ఏం రాసి ఉందో లిఖితపూర్వకంగా అడగండి. చాలాసార్లు నియమం స్త్రీ పక్షానే ఉంటుంది. దాన్ని చదివి అడిగేవాళ్లే ఉండరు.

ఇక పుస్తకం. నీకు అది 212 ఇళ్ల వివరాలు రాసుకున్న నోట్‌బుక్కులా కనిపిస్తుందేమో. ఆఫీసు వాళ్లతో మాట్లాడేటప్పుడు బస్తీకి ఉన్న బలమంతా అదే.

ముంబై సంగతి చెబుతాను. 1985లో సుప్రీంకోర్టు ఓల్గా టెల్లిస్ కేసులో తీర్పిచ్చింది. బతుకుతెరువు హక్కు జీవించే హక్కులో భాగమేనని గొప్ప మాట చెప్పింది. అదే తీర్పులో, నోటీసిచ్చి పేవ్‌మెంట్ల మీది గుడిసెలు తీసేయవచ్చనీ, వర్షాకాలం అయ్యేదాకా మాత్రం ఆగాలనీ చెప్పింది. అప్పటికి ఆ పేవ్‌మెంట్ల మీద ఎంతమంది ఉంటున్నారో సరైన లెక్క ఎవరి దగ్గరా లేదు. సర్కారు లెక్కల్లో వాళ్లు అసలు లేరు. బైకుల్లా ప్రాంతంలో ముందు ఏడాదే మొదలైన స్పార్క్ అనే సంస్థ, ఆ పేవ్‌మెంట్ల మీది వాళ్లూ కలిసి ఆ లెక్క తీశారు. దాదాపు 6,000 కుటుంబాలు, 27,000 మంది. అన్నాళ్లూ "ఆక్రమణదారులు" అన్న ఒక్క మాట కింద ఉన్నవాళ్లు ఇంతమంది, ఇన్నేళ్లుగా, ఈ ఈ పనులు చేసుకుంటూ అని కాగితం మీదికి వచ్చారు. మరుసటి ఏడాది, 1986లో, అక్కడి ఆడవాళ్లు మహిళా మిలన్ అనే సంఘం కట్టుకున్నారు.

నీ రెండో ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. జోకిన్ అర్పుదం నడిపిన జాతీయ మురికివాడల సమాఖ్య అప్పటికే పదేళ్ల నుంచి ఉంది, అందులో మగవాళ్లదే పెత్తనం. మహిళా మిలన్ దానిలో కలిసిపోలేదు, దానితో తగువూ పెట్టుకోలేదు. తన పొదుపు, తన లెక్కలు, తన సమావేశాలు తనకుండగా దాని పక్కన నిలబడింది. ఆఫీసుకు కలిసి వెళ్లేవాళ్లు, కానీ ఎవరి పుస్తకం వాళ్లదే. ఆ పద్ధతి తర్వాత దేశాలు దాటింది. 1996లో ఏర్పడిన అంతర్జాతీయ మురికివాడల వాసుల సమాఖ్యలో బస్తీవాళ్లే తమ ఇళ్ల లెక్క తాము తీసుకోవడం, ఆడవాళ్లు పొదుపు నడపడం రెండూ పునాదులు. మీరు పదకొండు మందీ ఎవరూ చెప్పకుండానే అందులో సగం చేసేశారు.

ఆ మిలన్ ఆడవాళ్ల గురించి ఇంకొక్కటి చెప్పాలి, ఎందుకంటే మీ పదకొండు మందిలో చదువురాని వాళ్లు ఉంటే ఇది వాళ్లకు వినిపించు. వాళ్లలో చాలామందికి అక్షరాలు రావు. అందుకని పొదుపు లెక్కను రంగు కాగితాల ముక్కలతో పెట్టుకున్నారు. ఒక్కో రంగు ఒక్కో నోటుకు గుర్తు. ఎవరి సంచిలో ఏ రంగు ముక్కలు ఎన్ని ఉన్నాయో చూస్తే వాళ్లెంత దాచారో తెలిసిపోతుంది. లెక్క ఎవరికీ అర్థం కాని భాషలో ఉంటే అది ఒక్క మనిషి చేతిలో బందీ అవుతుంది. ఆ ఒక్క మనిషి ప్రెసిడెంటన్న కావచ్చు, నువ్వూ కావచ్చు. ఈ మాట నొప్పిస్తే క్షమించు. కానీ 212 ఇళ్ల లెక్క నీ ఒక్కదాని రాతలో, నీ ఒక్క ఇంట్లో ఉండటం మంచిది కాదు. ప్రతి పేజీని కనీసం ముగ్గురి ఫోన్లలో ఫొటో తీసి ఉంచండి. అసలు పుస్తకం నీ ఇంట్లో కాకుండా మీరంతా నమ్మే ఇంకొకరి ఇంట్లో ఉండనీ. గల్లీకొక రోజు పెట్టుకుని, ఆ గల్లీ పేర్లను అక్కడే నిలబడి పైకి చదవండి. తప్పులు అక్కడికక్కడే బయటపడతాయి. తమ పేరు చెవులారా విన్నవాళ్లు రేపు జాబితాలో అది లేకపోతే ఊరుకోరు.

"కుటుంబ పెద్ద" అన్న గడి తీసేయండి. దాని బదులు "ఈ ఇంట్లో ప్రస్తుతం ఉంటున్న పెద్దవాళ్లు" అని పెట్టి, పక్కపక్కనే రెండు పేర్లకు చోటివ్వండి. భర్త వదిలేసిన ఆడవాళ్లకు ఇది చాలా ముఖ్యం. పాత కాగితాల్లో ఇంకా ఆయన పేరే ఉంటుంది. ఎన్నో ఏళ్లుగా ఇటువైపు చూడనివాడు ఇల్లు వస్తోందని తెలిస్తే పట్టాకు సంతకం పెట్టడానికి వస్తాడు. నేను చూశాను. ప్రస్తుతం ఉంటున్నవాళ్లు అని రాస్తే ఆ తలుపు మూసుకుంటుంది.

కిరాయిదారుల దగ్గర అసలు చిక్కు వస్తుంది. దాన్ని దాటేసి ముందుకు పోవద్దు. బస్తీలో ఒకాయన నాలుగు గదులు కట్టి మూడు కిరాయికి ఇచ్చి ఉంటాడు. ఇంటి గోడల లెక్కన చూస్తే నాలుగూ ఆయనవే, ఆ మూడు గదుల్లో ఉంటున్నవాళ్లు లేనట్టే. ఒంటరి ఆడవాళ్లు ఎక్కువగా ఉండేది అలాంటి గదుల్లోనే. పైగా ఆ నాలుగు గదులాయన మీ కమిటీలో సభ్యుడై ఉండొచ్చు. మీరు 31 ఇళ్ల మాట ఎత్తినప్పుడు గొంతు పెద్దది చేసింది ఎవరో ఒకసారి గుర్తు చేసుకో. లెక్కను గోడలతో కాకుండా పొయ్యిలతో తీయండి. ఎన్ని పొయ్యిలు విడిగా వెలుగుతుంటే అన్ని కుటుంబాలు. గదులు కట్టినాయనకు నష్టం లేకుండా ఏం చేయాలన్నది వేరే మాట. దాన్ని ఆయనతో మర్యాదగానే మాట్లాడండి, ఆయన శత్రువేం కాదు. కానీ ఆయన లాభం కోసం మూడు కుటుంబాలు లెక్కలోంచి మాయం కావడానికి మీ పుస్తకం ఒప్పుకోకూడదు. ఇంతకాలం ఇక్కడే ఉన్నారన్న రుజువు ఏదని ఆఫీసు అడుగుతుంది. కిరాయి రసీదులు ఎవరి దగ్గరా ఉండవు. పిల్లల టీకా కార్డులు వెతకమను. తల్లి పేరు, చిరునామా, తేదీ మూడూ ఒకేచోట ఉండే కాగితం పేదింట్లో తరచుగా అదొక్కటే. బడి సర్టిఫికెట్లు, ఆసుపత్రి చీటీలు కూడా పనికొస్తాయి.

ఇంకో గడి కూడా చేర్చండి: ఇంట్లో ఆడవాళ్లు ఏం పని చేస్తారు, పనికి ఎలా వెళ్తారు, ఎంతసేపు పడుతుంది. వేరే చోట ఇళ్లంటే ఎక్కువగా ఊరి చివరే. నాలుగిళ్లలో పనిచేసే ఆమె ఇప్పుడు నడిచి వెళ్తుంది, మధ్యాహ్నం ఇంటికొచ్చి పిల్లల్ని చూసుకుంటుంది. రెండు బస్సులు మారాల్సిన చోటికి తీసుకెళ్లి పడేస్తే ఇల్లొస్తుంది, పని పోతుంది. ఆ తర్వాత కొన్నాళ్లకు ఆ ఇల్లు అమ్ముకునో తాళం వేసో మళ్లీ నగరంలో ఇంకో గట్టు వెతుక్కుంటారు. "ఎక్కడ ఇస్తారు" అన్నది "ఇస్తారా లేదా" అన్నంత పెద్ద ప్రశ్న. మగవాళ్లే కూర్చున్న గదిలో అది చివరికి గుర్తొస్తుంది. మొదటే అడగాలంటే మీరక్కడ ఉండాలి.

ఇళ్లు ఎలా ఉండాలో కూడా మీరే చెప్పండి. ఇదేమీ అత్యాశ కాదు. బైకుల్లాలో ఆ ఆడవాళ్లు తమకు కావలసిన ఇంటిని గీసుకుని, నిజమైన కొలతలతో నమూనా నిలబెట్టి, అధికారులను పిలిచి చూపించారు. ఇరుకు జాగా కాబట్టి పైకప్పు 14 అడుగుల ఎత్తులో పెట్టి మధ్యలో అటక వేయమన్నారు. వాళ్లు బతికిన పేవ్‌మెంట్ ఇరుకే వాళ్లకు ఆ లెక్క నేర్పింది.

పెద్దమ్మ సంగతి నాకు చాలా ముఖ్యంగా అనిపించింది. ఆమెను భయస్తురాలని తీసిపారేయకండి. ఎన్ని కూల్చివేతలు చూసిన మనిషో. ఆమె భయం ఏమిటంటే, మనలో మనం విడిపోతే ఆఫీసు ఆ సందులో దూరుతుందని. నిజమే, దూరుతుంది. అందుకే తగువులా కాకుండా తీర్మానంలా వెళ్లమంటున్నాను. ఆమెకు స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరపు ఆడవాళ్ల కథ చెప్పు. 1915లో మగవాళ్లు మొదటి ప్రపంచ యుద్ధానికి పోతే ఇళ్ల యజమానులు అద్దెలు పెంచారు. మేరీ బార్బర్ అనే గృహిణి, ఇంకా ఎందరో ఆడవాళ్లు వాడవాడలా తిరిగి అందరినీ కూడగట్టారు. పెంచిన అద్దె కట్టేది లేదన్నారు. ఖాళీ చేయించడానికి కోర్టు మనిషి వస్తున్నాడంటే గంట కొట్టేవాళ్లు. గంట వినగానే ఎక్కడి పనులక్కడ వదిలి ఆడవాళ్లంతా మెట్ల మీదికి వచ్చి, చేతిలో ఉన్న పిండి అతని మీద కొట్టి తరిమేవాళ్లు. సుమారు 20,000 కుటుంబాలు అలా నిలబడ్డాయి. నవంబరు 17న కొందరు కిరాయిదారులను కోర్టుకు పిలిస్తే వేలమంది కోర్టు ముందు చేరారు, వాళ్లలో ఓడల కర్మాగారాల మగ కార్మికులూ ఉన్నారు. ఆ ఏడాది ముగిసేలోపే అద్దెలను అదుపు చేసే చట్టం వచ్చింది. ఆడవాళ్లు ముందు నడిచినందుకు ఆ ఉద్యమం చీలిపోలేదు. మగవాళ్లు వచ్చి కలిశారు. మేరీ బార్బర్ 1920లో నగర కౌన్సిలరుగా గెలిచింది. అంటే ధర్నాలో ముందు వరస నుంచి ఆఫీసు లోపలికి వెళ్లింది.

ఎవరో కోర్టుకు వెళ్దామని అంటారు. వెళ్లండి, న్యాయసేవా సంస్థల్లో ఉచితంగా వకీలు దొరికితే తప్పక అడగండి. కానీ తీర్పు వస్తే ఇల్లొచ్చినట్టే అనుకోవద్దు. దక్షిణాఫ్రికాలో ఐరీన్ గ్రూట్‌బూమ్ అనే ఆమె పేరున 2000లో రాజ్యాంగ న్యాయస్థానం ఇచ్చిన తీర్పును ప్రపంచమంతా న్యాయ విద్యార్థులు చదువుకుంటారు. ఇల్లు లేనివాళ్ల కోసం ప్రభుత్వం సహేతుకమైన కార్యక్రమం పెట్టి తీరాలని చెప్పిన తీర్పు అది. ఆమె 2008లో చనిపోయింది, అప్పటికీ ఆమెకు పక్కా ఇల్లు రాలేదు. తీర్పు తర్వాత ప్రతి వారం ఆఫీసుకు వెళ్లి అడిగే మనుషులు కావాలి, ఆ మనుషులకు ఒక సంఘం కావాలి.

మీ ఆయన మాట్లాడటం లేదని ఒక్క ముక్కలో రాసి వదిలేశావు. అది చిన్న విషయమని నేను అనుకోను. కమిటీలో ఎవరో ఆయన్ను ఆడిపోసుకుని ఉంటారు, ఇంట్లో ఆడదాన్ని అదుపులో పెట్టుకోలేవా అని. అలా అయితే పుస్తకంలో మీ ఇంటి పేజీ తీసి ఆయన ముందు పెట్టు. ఇద్దరి పేర్లూ పక్కపక్కన ఉన్నాయని చూపించు. ఆయన పేరు ఎవరూ కొట్టేయడం లేదని కళ్లతో చూస్తే చాలామందికి సగం కోపం దిగుతుంది. అలా కాకుండా మౌనం తర్వాత చెయ్యి లేవడం ఇదివరకు జరిగి ఉంటే, అప్పుడు సంఘం పని కోసం ఆ ఇంట్లో ఓర్చుకోవద్దు. పదకొండు మందిలో ఒకరికి ముందే చెప్పి ఉంచు, నీ కాగితాల కాపీలు, కొన్ని బట్టలు ఆమె ఇంట్లో పెట్టు. అవసరమైతే ఏ వేళకైనా అక్కడికి వెళ్లిపో. సంఘంలో ప్రతి ఒక్కరికీ ఇలాంటి ఇల్లొకటి ఉండాలి.

ఆదివారం పదకొండు మందీ కలిసే వెళ్లండి. పెద్దమ్మను మీ మధ్యలో కూర్చోబెట్టుకోండి. మీరడగాల్సినవి మూడే. జాబితాలో ప్రతి ఇంటికీ ఉమ్మడి పేర్లు, ఆడవాళ్లే ఉన్న ఇంటికి వాళ్ల పేరు. కిరాయికి ఉన్నవాళ్లు విడి కుటుంబాలుగా. ఆఫీసుకు ఎప్పుడు వెళ్లినా మీ సంఘం నుంచి ముగ్గురు: ఒకరు మాట్లాడటానికి, ఒకరు రాసుకోవడానికి, ఒకరు వాళ్లకు తోడు. ఇవి కమిటీ మినిట్స్ పుస్తకంలో రాసి, సంతకాలో వేలిముద్రలో పడ్డాకే కాపీ ఇవ్వు. ఆ కాపీలో ఫోన్ నంబర్లు, ఎవరిని ఎవరు వదిలేశారన్న సంగతులు, జబ్బుల వివరాలు ఉండకూడదు. అవి మిమ్మల్ని నమ్మి చెప్పినవి. ఖాళీ కాగితం మీద ఎవరు అడిగినా సంతకం పెట్టొద్దని అందరికీ చెప్పు.

కమిటీ ఒప్పుకోకపోతే అరుచుకుని రావద్దు. సోమవారం పొద్దున్నే ఆ 31 ఇళ్ల జాబితాను మీ సంఘం పేరున విడిగా ఆఫీసులో ఇచ్చి, అందినట్టు ముద్ర, తేదీ వేయించుకోండి. ఆ ముద్ర ఉన్న కాగితం రేపు కోర్టులోనూ నిలబడుతుంది. కమిటీకి కూడా ఒక కాపీ పంపండి, దాచిపెట్టి చేసినట్టు ఉండకూడదు.

ఆదివారం రాత్రి ఎంత ఆలస్యమైనా మీటింగ్‌లో ఏమైందో రాయి. తీర్మానం ఫొటో కూడా పంపు. "వీలైనంతవరకు", "అవకాశాన్ని బట్టి" లాంటి మాటలు అందులో ఎక్కడైనా దూరాయేమో చూసి చెబుతాను.